పక్క వాటాకి వినపడకుండా

రెండో దిండును నిలువుగా దోపి, చంకల కింద చేతులు వేసి మేస్త్రి తన అక్కని పైకి లాగాడు. బరువేమీ లేదు, నూలు తీసేసిన బుట్టలా వచ్చింది. తల వెనక్కి వాలిపోకుండా తువ్వాలు చుట్ట చుట్టి మెడ కింద పెట్టాడు. ఆమె నోరు తెరిచి గాలి కోసం కాసేపు వెతుక్కుంది. దొరికింది. పెదాల చుట్టూ కమ్మిన నీలం నెమ్మదిగా వెనక్కి తగ్గింది. అప్పుడు చెయ్యి చాపి, మంచం పక్క బల్ల మీదున్న రేడియో చక్రాన్ని వెనక్కి తిప్పింది.

అతని అరికాళ్ళ కింద చెక్కనేల వణుకు ఆగింది.

అదే వాళ్ళ పిలుపు. అక్క తనంతట తాను లేచి కూర్చోలేదు. పడుకున్నచోట కిందికి జారిపోతే ఊపిరి బిగుస్తుంది, ఎవరో ఒకరు లేపి కూర్చోబెట్టాలి. గట్టిగా అరిచే ఓపిక ఆమెకి లేదు, అరిచినా వినే చెవులు అతనికి లేవు. అందుకని రేడియో చక్రం చివరిదాకా తిప్పుతుంది. వాళ్ళది మేడ మీది వాటా, నేలంతా చెక్క. రేడియో హోరెత్తితే వంటగదిలో ఉన్నా మెట్ల మీద ఉన్నా అతని కాళ్ళకి తెలిసిపోతుంది. అతను పనికి వెళ్ళినప్పుడు ఆ హోరు విని పక్క వాటాలోంచి దర్జీ భార్య పరుగెత్తుకొస్తుంది. రెండు వాటాలకీ మధ్య ఉన్నది చెక్కగోడే.

ఇద్దరూ ఒకే మిల్లులో బతికారు. అక్క చిన్నప్పుడే చేరి కండెలు చుట్టేది. తమ్ముణ్ణి తన వెంట తీసుకెళ్ళి, నూలు బుట్టల మధ్య కూర్చోబెట్టి పెంచింది. పెళ్ళయి వెళ్ళింది, అక్కడ ఇమడలేక తిరిగొచ్చి మళ్ళీ కండెల దగ్గరే కూర్చుంది. అతనికి పెళ్ళి మాట తెచ్చినవాళ్ళు లేరు. మిల్లు పొట్టు అక్క ఊపిరితిత్తుల్ని తింది, మగ్గాల మోత తమ్ముడి చెవుల్ని తింది. అన్నదమ్ముల ఆస్తిలా ఇద్దర్నీ సమంగా పంచుకుంది మిల్లు.

అతను పాలలో రొట్టె నానబెట్టి తెచ్చాడు. ఆమె సగం తిని తల అడ్డంగా ఊపింది.

"ఇవాళ తెస్తావా?" అంది. అతను ఆమె పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"తెస్తాను."

"ఆ చెవిలో దూర్చుకునేవి వద్దురా. పుండు మానలేదింకా."

"అవి కాదు. చెవి మీద కప్పేవి. గిన్నెల్లాంటివి."

"గిన్నెలు బోర్లించుకోమంటావు నన్ను." నవ్వబోయి దగ్గింది. అతను వీపు రాసి, రేడియో చక్రం ఆమె చేతికి అందుతోందో లేదో చూసి, బల్లని ఇంకొంచెం ముందుకి జరిపాడు.

గొడవ వచ్చి కొంతకాలమైంది. దర్జీ కోడలు పురిటికి పక్క వాటాలోనే ఉండి బిడ్డని కన్నది. పసిగుడ్డు కునుకు తీస్తే చాలు, గోడవతల రేడియో. అక్కవీ మిల్లు చెవులే, తక్కువ పెడితే ఆమెకి వినపడదు. దర్జీ భార్య నోరు విప్పి ఒక్క మాట అనలేదు. కింద ఉండే ఇంటాయనే పైకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, మేస్త్రికి తెలిసేలా నోరు పెద్దది చేసి చెప్పాడు.

"గోడలకి చెవులుంటాయంటారు మేస్త్రీ. మా గోడలకి నోళ్ళు కూడా ఉన్నాయి. ఈ నెల దాటేలోపు రేడియో అన్నా మానండి, వాటా అన్నా మారండి. నన్ను చెడ్డవాణ్ణి చెయ్యకండి."

రేడియో మానెయ్యమంటే అక్క మానేసింది. రెండు రోజులు గోడకేసి చూస్తూ పడుకుంది. రొట్టె ముట్టలేదు. మూడో రోజు అతనే రేడియో పెట్టాడు. వాటా మారడం కుదిరేది కాదు. ఈవిణ్ణి మెట్లు దించితే దించడమే గానీ మళ్ళీ ఎక్కించే పని ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. ఇక మిగిలింది ఒక్కటే. పాట అక్కకి మాత్రం వినపడాలి, గోడకి వినపడకూడదు.

చీకటి విడకముందే మొదలయ్యే షిఫ్టు అతనిది. ఇవాళ అక్క ఆయాసంతో ఆలస్యమైంది. అతను వెళ్ళేసరికి మగ్గాలన్నీ ఆడుతున్నాయి. షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు. మాట్లాడినా లాభం లేదు. పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు. కొత్తగా చేరినవాళ్ళు మూగవాళ్ళ మధ్యకి వచ్చామనుకుంటారు. మేస్త్రి ఒక్కో మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, తర్వాతదానికి వెళతాడు. గోడవారన ఉన్న మగ్గం దగ్గర చెయ్యి ఎక్కువసేపు ఉంచాడు. అడ్డపోగు మోసే నాడెని కొట్టే కర్ర దెబ్బ ఒక పక్కకి పోతోంది. ఆపించి, తోలుపట్టీ మార్చి, మళ్ళీ ఆడించాడు. దూదిపొట్టు అతని కనుబొమల మీద వాలి అలాగే ఉండిపోయింది. దులుపుకునే అలవాటు ఎప్పుడో పోయింది.

ఆ మగ్గం మీద పనిచేసే మీసాలాయన అతని మొహం ముందు వేళ్ళు ఆడించాడు.

"ఇవాళ కొంటున్నావటగా," అన్నాడు పెదాలతో. "చెవిటోడు చెవులకి సింగారం చేసుకున్నట్టు."

"అక్కకి."

"తెలుసులే. చవకవి కొనకు. మా బావమరిది కొన్నాడు. నెల తిరక్కుండా ఒక చెవి మూగబోయింది."

"రెండోది ఉందిగా."

"నీకు రెండూ లేకపోయినా నడుస్తోంది. అందరికీ నడుస్తుందా." మీసాలాయన తెగిన పోగు ముడివేసుకుంటూ వంగాడు. మళ్ళీ తలెత్తి, "పెద్ద కొట్టుకే వెళ్ళు," అన్నాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

షిఫ్టు దిగి చేతులు కడుక్కుని, జుట్టులో పొట్టు తడిచేత్తో తుడుచుకుని అతను పెద్ద కొట్టుకే వెళ్ళాడు. గాజు తలుపు తోస్తే చల్లగాలి మొహాన కొట్టింది. గోడ పొడుగునా కొక్కేలకి హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. నల్లవి, తెల్లవి, మట్టిరంగువి. సంతలో పశువుల మెడలకి కట్టే పట్టెడల్లా ఉన్నాయని అనుకున్నాడు. అమ్మేది బట్టతలాయన, కళ్ళజోడు తాడుకి వేలాడదీసుకున్నాడు. వస్తువు తీయడానికి అటు తిరిగినప్పుడు కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ సగం మేస్త్రికి అందలేదు.

"ఇటు తిరిగి చెప్పండి. నాకు వినపడదు, నోరు చూడాలి."

బట్టతలాయన తిరిగాడు. తన చేతిలోని హెడ్‌ఫోన్స్‌నీ మేస్త్రి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఎవరికండీ?"

"మా అక్కకి. రేడియోకి తగిలించుకోవడానికి."

"రేడియోకా. ఈ మాట విని ఎన్నాళ్ళయిందో." ముందు తీగ లేనిది చూపించాడు. చార్జింగ్ పెట్టుకుంటే చాలు, ఇంట్లో ఎక్కడికైనా తిరగొచ్చు అన్నాడు.

"ఆవిడ తిరగదు. మంచంలోనే ఉంటుంది."

బట్టతలాయన దాన్ని తిరిగి కొక్కేనికి తగిలించి, తీగవి కొన్ని తెచ్చి గాజుబల్ల మీద వరసగా పెట్టాడు. "అన్నీ మంచి రకమే. ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా ఉంటుంది పాట. పెట్టమంటారా?"

"పెట్టినా నాకు తెలీదు."

"మరెలా ఎంచుకుంటారు?"

"బరువు చూస్తాను."

మొదటిది ఇనప చట్రంతో తళతళలాడుతోంది. అరచేతిలో ఎత్తి చూసి పక్కన పెట్టేశాడు, అక్క మెడ దాన్ని మొయ్యలేదు. రెండోది తేలిక. తలకి పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బట్టతలాయన వేరేవాళ్ళకి ఏదో చూపించి, డబ్బు తీసుకుని, తిరిగొచ్చేసరికి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత కణతల దగ్గర పట్టకారు బిగిసినట్టు నొప్పి మొదలైంది. తీసేశాడు. ఇంకోదాని మెత్తలు తోలువి. మెత్తగానే ఉన్నాయి గానీ లోపల చెమట పట్టింది. అక్క పుండుకి చెమట తగలకూడదు.

మరొకటి పెట్టుకుని, గాజుబల్ల మీద ఖాళీ చూసుకుని, ఎడమ చెంప ఆనేలా వంగి తల పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కొట్టులో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. బట్టతలాయన అతని భుజం తట్టాడు. "ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదండీ, మా దగ్గర దిండ్లు అమ్మం."

"ఆవిడ ఎడమవైపే ఎక్కువ పడుకుంటుంది," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "ఇది గుచ్చుతోంది. ఈ మూల దగ్గర."

బట్టతలాయన నవ్వడం మానాడు. లోపలికి వెళ్ళి ఇంకో పెట్టె తెచ్చాడు. నల్లటివి, మెరుపేమీ లేదు. గిన్నెలు లోతుగా ఉన్నాయి, బయటివైపు పలకలా చదునుగా ఉంది. మెత్తలకి తోలు కాదు, బట్ట. మేస్త్రి పెట్టుకున్నాడు. చెవి దేనికీ తగలడం లేదు, గూట్లో పిట్టలా ఒదిగి ఉంది. మళ్ళీ తల వాల్చాడు. ఏమీ గుచ్చలేదు. వేళ్ళతో పట్టీ తడిమాడు, జుట్టు పట్టి లాగే సందులు లేవు. తీగ పొడవు చూశాడు. మంచం నుంచి బల్లకి సరిపోతుంది.

"ఇందులో వింటే పాడేవాళ్ళు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది," అన్నాడు బట్టతలాయన, నోరు బాగా తెరిచి. "తీగ తగిలించాక రేడియో బయటికి పలకదు. వీటిలోంచి కూడా ఒక్క ముక్క పోదు. పక్కన పసిపిల్ల పడుకున్నా లేవదు."

"మళ్ళీ చెప్పండి."

"ఒక్క ముక్క బయటికి పోదు."

"గట్టిగా పెట్టినా?"

"ఎంత గట్టిగా పెట్టినా."

మేస్త్రి నమ్మలేదు. చివరిదాకా పెట్టమన్నాడు. బట్టతలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, తర్వాత ఎవరి చెవులో గుర్తొచ్చి, పెట్టాడు. మేస్త్రికి దవడ ఎముకల్లో మగ్గం ఆడినట్టయింది. అలాగే తిరిగి, వెనక నిలబడ్డ ఒక పెద్దావిణ్ణి దగ్గరికి రమ్మని అడిగాడు.

"ఏమైనా వినపడుతోందా అమ్మా?"

ఆవిడ కొంగు సర్దుకుని అతని తలకి దగ్గరగా చెవి పెట్టింది. "లేదు నాయనా."

"ఇంకొంచెం దగ్గరగా."

"ఏమీ లేదయ్యా. బావి అడుక్కి పోయిన రాయిలా ఉంది."

అతని మొహం విప్పారింది. ధర చెప్పాక ఇంకోసారి చెప్పమన్నాడు. అది మాత్రం వినపడక కాదు. చొక్కా లోపలి జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. అక్క కళ్ళు పెట్టె మీదికీ అతని చేతుల మీదికీ తిరిగాయి. అతను ముందు ఆమె జుట్టు దువ్వాడు. పట్టీ సరిగ్గా కూర్చోవాలని పాపిడి తీసి, జడ ఒక పక్కకి వేశాడు. పుండు ఉన్న చెవి పైన గిన్నె తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి దించాడు. తీగ రేడియోకి గుచ్చి, స్టేషను కోసం తిప్పుతూ ఆమె మొహం చూస్తూ ఉన్నాడు. అతనికి స్టేషను దొరికిందో లేదో చెప్పేది ఆ మొహమే.

ఆమె చెయ్యి ఎత్తింది. ఆగమన్నట్టు.

కళ్ళు పైకప్పు వాసాల మీద ఉన్నాయి. దుప్పటి కింద పాదం ఒకటి కదలడం మొదలుపెట్టింది.

"బాగుందా?"

ఆమె గిన్నె ఒకటి కొంచెం ఎత్తి, "ఏంటి?" అంది.

"బాగుందా అంటున్నా."

"పాడేవాడు ఊపిరి తీసుకుంటున్నాడురా తమ్ముడూ. ప్రతి ముక్కకీ ముందు. ఇన్నేళ్ళుగా ఈ పాట వింటున్నా, వాడూ ఊపిరి తీసుకుంటాడని నాకు తెలీదు."

"గుచ్చుతున్నాయా?"

"లేదు. ఉన్నట్టే లేదు." గిన్నె దించబోయి మళ్ళీ ఎత్తింది. "ఎంత పెట్టావు వీటికి?"

అతను పాలగిన్నె తీసుకుని వంటగది వైపు తిరిగాడు.

"అవసరానికి బాగానే పనికొస్తోంది నీ చెవుడు," అంది అక్క, అతని వీపుతో. అతను చూడలేదు.

పాలు తాగాక పడుకోబెట్టమంది. దిండు కొంచెం దించి ఎడమవైపు తిప్పాడు. తీగ మెడకి చుట్టుకోకుండా దుప్పటి మీదుగా వేశాడు. రేడియో చక్రం చేతికి అందేలా బల్ల జరిపాడు.

"ఎప్పుడనగా వెళ్ళావు పనికి," అంది. "పోయి మెట్ల దగ్గర గాలికి కూర్చో. ఏమన్నా కావాలంటే పిలుస్తాగా."

"సరే," అన్నాడు.

మెట్ల పైన చిన్న వసారా ఉంది, రెండు వాటాలకీ ఉమ్మడి. అక్కడ కూర్చుని చెప్పులు విప్పి, ఎప్పటిలాగే అరికాళ్ళు రెండూ నేలకి ఆనించాడు. దర్జీ భార్య మనవరాలిని భుజాన వేసుకుని బయటికి వచ్చింది. వాళ్ళ గుమ్మంలోంచి కుట్టుమిషను ఆడుతుండడం కనిపిస్తోంది.

"ఏం అన్నయ్యా, అక్కగారు ఇవాళ రేడియో పెట్టలేదేం? ఒంట్లో బాగానే ఉందా?"

"వింటోంది."

"వింటోందా? మాకేం వినపడలేదే."

అతను తన చెవుల మీద రెండు అరచేతులూ బోర్లించి చూపించాడు. ఆమెకి అర్థమవడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక చెక్కగోడ దగ్గరికెళ్ళి చెవి ఆనించి నిలబడి, వెనక్కి వచ్చింది.

"అయ్యో అన్నయ్యా, ఇంత ఖర్చు మా కోసం పెట్టావా. నేనేనాడైనా ఒక మాటన్నానా?"

"అనలేదు."

"ఇవాళ పొద్దుగూకేముందు కునుకు తీసిందిది, చూడు. పుట్టాక ఇదే మొదలు." పిల్లని అతని ఒళ్ళో పెట్టింది. "పట్టుకో. మగ్గం కాదులే, విరగదు."

అతను పసిపిల్లని ఎప్పుడూ ఎత్తుకోలేదు. మోచేతులు బిగబట్టి, కదలకుండా కూర్చున్నాడు. పిల్ల నోరు నిద్రలోనే పాలు తాగుతున్నట్టు ఆడింది. దర్జీ మిషను ఆపి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. ఇంటాయన కింద వరండాలోంచి తలెత్తి చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. ఇన్నేళ్ళలో ఆ వసారాలో అతను అంతసేపు కూర్చున్నది లేదు. మధ్యలో ఒకసారి నేల మీద పాదం కొంచెం గట్టిగా ఒత్తి చూశాడు. ఏమీ లేదు. చెక్క చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అక్క హాయిగా వింటోందనుకున్నాడు. పిల్ల లేచేదాకా ఉందామని ఉన్నాడు.

వీధిలో దీపాలు వెలిగాక పిల్లని ఇచ్చేసి లోపలికి వెళ్ళాడు.

అక్క దిండు మీంచి జారి, మంచం మధ్యకి వచ్చేసింది. దుప్పటి కాళ్ళ దగ్గర ముద్దయి ఉంది. ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. వేళ్ళు రేడియో చక్రాన్ని పట్టుకునే ఉన్నాయి. చక్రం మీది తెల్లగీత చివరిదాకా తిరిగి ఉంది. అక్కడి నుంచి ఇక తిరగదు.

అతను ఆ గీతని చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

తర్వాత రెండో దిండు నిలువుగా దోపాడు. చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. తల వాలకుండా తువ్వాలు చుట్ట చుట్టి మెడ కింద పెట్టాడు. మంచం అంచున కూర్చుని, పెదాల చుట్టూ ఉన్న నీలం వెనక్కి తగ్గుతుందేమోనని చూశాడు. దీపం వెయ్యాలని తోచలేదు. హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. తీస్తే ఆమె వింటున్నది ఆగిపోతుందనిపించింది.

దర్జీ భార్య గిన్నెతో ఏదో పట్టుకుని వచ్చి దీపం వేసింది. "అక్కగారూ," అని పిలిచింది. దగ్గరికొచ్చి చెయ్యి ముట్టుకుంది. గిన్నె కింద పెట్టేసింది. మేస్త్రి ఆమె నోటినే చూస్తున్నాడు, కానీ ఆమె నోరు మాటలేవీ చెయ్యలేదు. ఆమె వంగి, అక్క తల మీంచి హెడ్‌ఫోన్స్‌ని మెల్లగా తీసింది. తీగ చేతికి చుట్టుకుంది. లాగేసరికి రేడియోలోంచి ఊడి వచ్చింది.

దర్జీ భార్య రెండు చెవులూ మూసుకుని వెనక్కి దూకడం అతను చూశాడు. తెరిచి ఉన్న గుమ్మంలోంచి దర్జీ పరుగున రావడం చూశాడు. వసారాలో కోడలి భుజం మీద పిల్ల నోరు తెరిచి, మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. కింద నుంచి ఇంటాయన మెట్లెక్కుతున్నాడు. అతని అరికాళ్ళ కింద నేల వణికింది, ఎన్నడూ లేనంతగా, మంచం కోళ్ళు కూడా కదిలేలా.

అతను చటుక్కున లేచాడు. చేతులు రెండూ చాపి మంచం మీదికి వంగాడు. అక్క అప్పటికే కూర్చుని ఉంది.

దర్జీ రేడియో ఆపేశాడు.

"వినపడితే రానా అన్నయ్యా," అంటోంది దర్జీ భార్య. అంటూనే ఉంది, అదే మాట. "వినపడితే నేను రానా."

అతను ఆమె పెదాల మీంచి చూపు తిప్పుకున్నాడు. ఇక ఎవరు ఏమన్నా అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున మీసాలాయనా ఇంకొందరూ వచ్చి అక్కని మెట్లు దించారు. ముందు పట్టుకున్నవాళ్ళు మలుపు దగ్గర ఆగి, చేతులు మార్చుకుని మళ్ళీ దిగారు. వాటా గురించి తొందరేమీ లేదని, ఉన్నన్నాళ్ళు ఉండమని ఇంటాయన రెండుసార్లు చెప్పాడు. మేస్త్రి తల ఊపాడు. అందరి వెనకా దిగాడు. గది తలుపు తెరిచే ఉంది. దర్జీ భార్య లోపలికి వెళ్ళి మంచం మీది దుప్పటి మడిచి, దిండ్లు గోడకి ఆనించింది. హెడ్‌ఫోన్స్ నేల మీద మంచం కిందికి పోయి ఉన్నాయి. తీసి, తీగ చుట్టి, ఎక్కడ పెట్టాలో తోచక కిటికీ గట్టు మీద గిన్నెలు పైకి వచ్చేలా పెట్టింది. కుడి గిన్నెలో మెత్త మీది బట్ట పొడిగానే ఉంది. ఎడమదానిలో చెమట తడి, రాత్రంతా గాలి ఆడినా, అంచు చుట్టూ ఇంకా ఆరలేదు.